పాలూ, గ్యాస్ మందూ, మధ్యలో యాంటీబయాటిక్

మూత్రంలో మంటనో, విరేచనాలనో డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారనుకోండి. ఇంటికొచ్చి మెడికల్ షాపు కవరు బల్ల మీద గుమ్మరిస్తే ఏముంటాయి? ఒక అట్ట యాంటీబయాటిక్, ఒక అట్ట జ్వరం బిళ్ళలు, నీరసం తగ్గడానికని జింకు కలిసిన బీకాంప్లెక్సు, కడుపులో మంట పుట్టకుండా గులాబీ రంగు గ్యాస్ మందు సీసా. అట్టల మీద షాపబ్బాయి పెన్నుతో గీతలు పెట్టి ఉంటాడు: పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఊరుకోదు కదా, "ఖాళీ కడుపున వేడి చేస్తుంది, పాలతో మింగు" అని గ్లాసు చేతికిస్తుంది. టిఫినయ్యాక అన్నీ ఒక్కసారే మింగి, పైన రెండు మూతల గ్యాస్ మందు కూడా తాగేసి, హమ్మయ్య అనుకుంటాం.

ఆ యాంటీబయాటిక్ సిప్రోఫ్లాక్సాసిన్ అయితే గనక, మింగిన దాంట్లో చాలా భాగం మన ఒంటికి పట్టనే లేదు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందుతో కలిపి వేసుకుంటే రక్తంలోకి చేరే సిప్రోఫ్లాక్సాసిన్ 85 నుంచి 90 శాతం దాకా పడిపోవచ్చు. జ్వరం బిళ్ళ తన పని తాను చేస్తుంది కాబట్టి ఒళ్ళు చల్లబడుతుంది. మందు పనిచేస్తోందని మనమూ అనుకుంటాం. మూడో రోజు మంట మళ్ళీ మొదలైతే "ఈ మందు నాకు పడలేదు, పెద్ద డోసు రాయండి" అంటాం. మందు పడకపోవడం కాదండీ, అసలు లోపలికే పోలేదు.

ఈ సంగతి చీటీ రాసేవాళ్ళూ, మందు ఇచ్చేవాళ్ళూ ప్రతిసారీ చెప్పరు. రద్దీ వాళ్ళది, నిజమే. కానీ "తిన్నాక" అని రాసే చేత్తో "గ్యాస్ మందుతో కలపొద్దు" అని ఇంకో ముక్క రాస్తే ఎంతమందికి రెండో కోర్సు తప్పుతుందో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. అందుకే ఇవాళ కాస్త తీరిగ్గా ఈ కబుర్లు.

కడుపులో జరిగేదేమిటో చూద్దాం. సిప్రోఫ్లాక్సాసిన్ అణువుకి ఒక అంచున రెండు ఆక్సిజన్ పరమాణువులు దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటి మధ్య ఎడం ఒక లోహపు అయాన్ ఇమడడానికి సరిగ్గా సరిపోతుంది. పీత తన రెండు డెక్కలతో పట్టుకున్నట్టు ఆ రెండు ఆక్సిజన్లూ లోహాన్ని అటూ ఇటూ పట్టేస్తాయి. గ్యాస్ మందులో ఉన్న అల్యూమినియం హైడ్రాక్సైడు కడుపులోని ఆమ్లానికి కరిగి అల్యూమినియం అయాన్లను వదులుతుంది. వాటికి మూడు ధనావేశాలు. ఆవేశం ఎక్కువైతే పట్టూ గట్టిదే. ఐరన్ బిళ్ళలోని ఇనుము మీద పట్టూ గట్టిదే. జింకు, మెగ్నీషియం, పాలల్లో ఉండే కాల్షియం లాంటి రెండు ఆవేశాల లోహాలు వాటి తరవాత. ఉప్పులోని సోడియానికి, ఓఆర్ఎస్‌లోని పొటాషియానికి ఒక్కటే ఆవేశం. వాటిని ఈ మందు పట్టించుకోదు. కాబట్టి విరేచనాలకు ఓఆర్ఎస్ నిశ్చింతగా తాగొచ్చు.

ఒక్కో లోహపు అయాన్ చుట్టూ రెండేసి, మూడేసి మందు అణువులు చేరి పెద్ద ముద్ద అవుతుంది. దాన్ని పేగు గోడ లోపలికి రానివ్వదు. వచ్చిన దారినే కిందికి పోతుంది. కడుపులో నొప్పి లేదు, వాంతి లేదు, దద్దురు లేదు. ఏదో పొరపాటు జరిగిందని చెప్పే గుర్తు ఒక్కటీ ఉండదు. ఇందులో నన్ను బాధపెట్టేది ఇదే. రక్తంలోకి చేరిన ఆ కాస్త మందు బలహీనమైన క్రిములను చంపి, తట్టుకోగలిగిన వాటిని మిగులుస్తుంది. మన దేశంలో టైఫాయిడ్ క్రిమికి సిప్రోఫ్లాక్సాసిన్ ఇప్పుడు చాలావరకు లొంగడం లేదు. దానికి కారణాలు ఎన్నో ఉన్నాయి, పాలగ్లాసు మీదే నెట్టేయలేం. అయినా అరకొర మోతాదు క్రిములకు ఎప్పుడూ చుట్టమే.

ఈ చిక్కు మొదట బయటపడింది సిప్రోఫ్లాక్సాసిన్‌తో కాదు. అంతకు చాలా ముందు, టెట్రాసైక్లిన్లు అనే యాంటీబయాటిక్‌ల తొలి రోజుల్లో. ఆ కథలో మన భీమవరం బిడ్డ ఉన్నారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి డైరెక్టరుగా ఉన్నప్పుడు, బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడ చేరాడు. విశ్వవిద్యాలయంలో డెబ్బై దాటి రిటైరైన మనిషి. దేశం నలుమూలల నుంచీ మట్టి తెప్పించి, అందులోని సూక్ష్మజీవులు ఇతర క్రిములను చంపుతాయేమో చూడడం ఆయన పని. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో శాన్‌బర్న్ ఫీల్డ్ అనే పాత ప్రయోగ క్షేత్రం ఉంది. అక్కడి మట్టిలో, 1945లో, బంగారు రంగు పదార్థాన్ని తయారుచేసే ఒక జీవి దొరికింది. దాన్నుంచి వచ్చిన మందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో పెద్దది. 1948 జులైలో దాన్ని లోకానికి ప్రకటించారు. ఆ మరుసటి నెలలోనే సుబ్బారావు గారు పోయారు. 53 ఏళ్ళు.

పెన్సిలిన్‌కి లొంగని క్రిముల మీద కూడా పనిచేసే మందు, పైగా నోటితో వేసుకునేది. డాక్టర్లు ఎగిరి గంతేశారు. ఒక్కటే ఇబ్బంది: చాలామందికి కడుపులో తిప్పేది. రోగి అవస్థ చూడలేక అల్యూమినియం హైడ్రాక్సైడు జెల్ కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. కడుపు కుదుటపడింది. 1950లో కొందరికి అనుమానం వచ్చి రక్తం తీసి చూస్తే, జెల్ తాగినవాళ్ళలో మందు మట్టం బాగా పడిపోయి ఉంది! మందు వల్ల వచ్చే వికారం తగ్గించబోయి మందునే తగ్గించేశారన్నమాట. రోగి మీద జాలితో చేసిన పని అది. ఇప్పటి మన పాలగ్లాసు వెనకా అదే జాలి ఉంది. ఆ తరవాత 1953లో ఏడ్రియన్ ఆల్బర్ట్ అనే ఆస్ట్రేలియా రసాయనవేత్త ఈ మందులు లోహాలను ఎంత గట్టిగా పట్టుకుంటాయో కొలిచి చూపించాడు.

అంత చిక్కు తెచ్చే గుణమైతే ఆ రెండు ఆక్సిజన్లనూ తీసిపారేసి, లోహం అంటని మందు తయారుచేయొచ్చుగా అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. జవాబు విన్నప్పుడు నాకైతే ఒళ్ళు జలదరించింది. ఆ పట్టు లేకపోతే మందే లేదు.

టెట్రాసైక్లిన్ చేసే పని క్రిమిలో ప్రొటీన్ల తయారీని ఆపడం. రైబోజోమ్ అనే ప్రొటీన్ల కార్ఖానాలో చిన్న ముక్క మీద అది కూర్చోవాలి. ఆ కూర్చోవడం వట్టి చేతులతో కుదరదు. ఒక మెగ్నీషియం అయాన్‌ను వెంటపెట్టుకుని వెళ్ళి, దాని సాయంతోనే అక్కడ అతుక్కుంటుంది. సిప్రోఫ్లాక్సాసిన్ సంగతీ అంతే. క్రిమి తన డీఎన్ఏ మెలికలను విప్పుకోవడానికి గైరేజ్ అనే ఎంజైమును వాడుతుంది. మందు వెళ్ళి డీఎన్ఏకీ ఆ ఎంజైముకీ మధ్య ఇరుక్కోవాలి. అక్కడ కూడా ఒక మెగ్నీషియం అయాన్, దాని చుట్టూ నాలుగు నీటి అణువులు, మందుకీ ఎంజైముకీ మధ్య వంతెన కడతాయి. నీటి అణువుల్లో రెండు ఎంజైములోని రెండు అమైనో ఆమ్లాలను అందుకుంటాయి. ఇప్పుడు క్రిమి తెలివి చూడండి: ఈ మందులకు లొంగని క్రిముల్లో తరచూ మారిపోయి కనిపించేవి సరిగ్గా ఆ రెండు అమైనో ఆమ్లాలే. వంతెన కాలు ఆనే చోటునే క్రిమి తీసేసింది. మందు ఉంది, మెగ్నీషియం ఉంది, ఆనడానికి చోటు లేదు.

అందుకని కడుపులో మనకు కీడు చేసే ఆ రెండు ఆక్సిజన్లే క్రిమి ఒంట్లో మనకు మేలు చేసేవి. రసాయనవేత్త మార్చగలిగింది తక్కువ. అల్యూమినియం కంటపడకుండా పేగు దాటే వరకు ఆ మందుకు దారి ఇవ్వడం ఒక్కటే మన చేతిలో ఉంది.

పేగు దాటాక మాత్రం లోహాలు ఎదురుపడవా? పడతాయి. మన ఒంట్లో కాల్షియం అంతా దాదాపుగా ఎముకల్లోనే, పళ్ళల్లోనే ఉంది కదా. టెట్రాసైక్లిన్ అక్కడికి వెళ్ళి, కొత్తగా పేరుకుంటున్న కాల్షియం పొరలో ఇరుక్కుని ఉండిపోతుంది. అందుకే ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకూ, గర్భిణులకూ పాత టెట్రాసైక్లిన్లు ఇవ్వకూడదన్నారు. పెరుగుతున్న పంటిలో చేరితే పసుపు, గోధుమ రంగు చారలు జన్మంతా ఉంటాయి. నల్గొండ వైపు పళ్ళ మీద చారలు చూసి దీనితో కలిపేసుకోకండి, అక్కడిది నీళ్ళలోని ఫ్లోరైడు చేసిన అన్యాయం, అది వేరే కథ. ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. వానాకాలం, చలికాలాల్లో మన జిల్లాల్లో వస్తున్న స్క్రబ్ టైఫస్‌కి డాక్సీసైక్లిన్ ప్రాణం నిలిపే మందు. అదీ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోదే, కానీ కాల్షియాన్ని పాతవాటి కన్నా తక్కువ పట్టుకుంటుంది. కొద్ది రోజుల కోర్సుకు పళ్ళు పాడవుతాయని పిల్లాడికి ఆ మందు మానిపించొద్దు.

ఎముకలో ఇరుక్కున్న టెట్రాసైక్లిన్‌కు ఒక చిత్రమైన గుణం ఉంది. అతినీలలోహిత కాంతి కింద పెడితే పసుపుపచ్చగా మెరుస్తుంది. ఎముక వైద్యులు దాన్ని వాడుకున్నారు. రోగికి కొద్ది రోజులు మందిచ్చి, కొంత వ్యవధి తరవాత మళ్ళీ ఇచ్చి, ఎముక ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే రెండు మెరిసే గీతలు కనిపిస్తాయి. ఆ గీతల మధ్య దూరమే ఆ వ్యవధిలో ఎముక పెరిగిన మేర.

అలాంటి మెరుపే 1980లో అనుకోని చోట కనిపించింది. నైలు నది ఒడ్డున, సుడాన్‌లోని నూబియా ప్రాంతంలో క్రీస్తు శకం 350–550 మధ్య బతికిన మనుషుల ఎముకలు అవి. పరీక్షిస్తున్నవాళ్ళకు సూక్ష్మదర్శినిలో ఈ పసుపుపచ్చ గీతలు కనిపించాయి. పాతిపెట్టాక మట్టిలోంచి ఎక్కిందేమోనని కొందరు అన్నారు. కానీ మెరుపు ఎముక పొరల వరస ప్రకారం ఉంది, పైపైన పూసినట్టు లేదు. 2010లో ఆ ఎముకల్ని ఆమ్లంలో కరిగించి చూస్తే అది టెట్రాసైక్లినే అని తేలింది. వాళ్ళు కాచుకునే బీరులో, దానికి వాడే ధాన్యంలో, ఆరియోమైసిన్ ఇచ్చిన జీవి జాతికే చెందిన మట్టి సూక్ష్మజీవి చేరి మందు తయారుచేసిందని పరిశోధకుల నిర్ణయం. సుబ్బారావు గారి లెడర్లీలో ఆ మందు పుట్టడానికి పధ్నాలుగు నుంచి పదహారు వందల ఏళ్ళ ముందు మాట ఇది.

మళ్ళీ మన ఇంటికి వద్దాం. ఐరన్ బిళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎంతగా ఉందో మీకు తెలుసు. ఏఎన్ఎమ్ ఇచ్చిన ఐరన్ బిళ్ళ రోజూ వేసుకునే ఇల్లాలు వేరే జబ్బుకు డాక్సీసైక్లిన్ వాడాల్సి వస్తే? ఇనుము టెట్రాసైక్లిన్లను ఎంతగా అడ్డుకుంటుందో ఫిన్లాండు పరిశోధకులు 1970లోనే చూపించారు. డాక్సీసైక్లిన్ దగ్గర వాళ్ళకు ఇంకో విడ్డూరం కనిపించింది. మందును సూదితో నేరుగా రక్తంలోకి ఎక్కించినా, నోటితో ఐరన్ తీసుకుంటున్నవాళ్ళలో అది త్వరగా తగ్గిపోయింది. ఎందుకంటే రక్తంలోని డాక్సీసైక్లిన్‌లో కొంత పేగులోకి దిగుతుంది, అక్కడినుంచి మళ్ళీ రక్తంలోకి ఎక్కుతుంది. దిగిన మందును పేగులో కాచుకుని ఉన్న ఇనుము పట్టేసుకుంటుంది, ఇక పైకి రానివ్వదు. అంటే ఇక్కడ గంటల ఎడం పాటించినా పూర్తిగా సరిపోదు. ఆ కొన్ని రోజులూ ఐరన్ ఆపమంటారా అని డాక్టర్ని అడగడమే మేలు. వారం రోజులు ఐరన్ ఆగితే పోయేదేమీ లేదు, తరవాత కొనసాగించవచ్చు.

పసిపిల్లల జింకు కూడా ఇలాంటిదే. విరేచనాలకు ఓఆర్ఎస్‌తో పాటు 14 రోజులు జింకు ఇవ్వడం చాలా మంచి పద్ధతి, మానొద్దు. రక్త విరేచనాలకు సిప్రోఫ్లాక్సాసిన్ రాసినప్పుడు మాత్రం ఆ రెంటినీ ఒకే చెంచాలో, ఒకే పూట ఇచ్చేయకండి.

అయితే ఇదంతా విని ఇంట్లో యాంటీబయాటిక్ కనబడగానే పెరుగు గిన్నె దాచేయకండి. ఈ గొడవ ప్రధానంగా రెండు కుటుంబాలది: పేరు చివర "సైక్లిన్" ఉన్నవి, "ఫ్లాక్సాసిన్" ఉన్నవి. అమాక్సిసిలిన్‌కూ, సెఫిక్సిమ్‌కూ పాలతో, పెరుగుతో పేచీ లేదు. అజిత్రోమైసిన్ పాలతో బాగానే ఉంటుంది, గ్యాస్ మందుకు మాత్రం కాస్త దూరం పెట్టండి. ఫ్లాక్సాసిన్లలో కూడా అన్నీ ఒకటి కావు. సిప్రోఫ్లాక్సాసిన్ పాలతో మింగితే మూడో వంతు దాకా పోతుంది, నార్‌ఫ్లాక్సాసిన్ సగం దాకా. ఆఫ్లాక్సాసిన్‌కు పాలు పెద్దగా అడ్డు కావు, కానీ అల్యూమినియం, ఐరన్ అడ్డే. ఇక గ్యాస్‌కని రాసే పాంటాప్రజోల్ బిళ్ళ ఉందే, దాంట్లో ఈ లోహాలు లేవు. దానితో ఈ తంటా లేదు. మనం జాగ్రత్తపడాల్సింది గులాబీ, తెలుపు రంగుల్లో వచ్చే ద్రవం, నమిలే బిళ్ళలు, పుండ్లకు ఇచ్చే సుక్రాల్ఫేట్. సుక్రాల్ఫేట్ పేరులో అల్యూమినియం వినపడదు, లోపల మాత్రం ఉంటుంది.

సెఫ్‌డినిర్ అని ఇంకొకటుంది, పిల్లలకు తరచుగా ఇస్తారు. దాన్ని ఐరన్ మందుతోగానీ, ఐరన్ కలిపిన పాలపొడితోగానీ ఇస్తే మలం ఇటుక రంగుకు తిరగొచ్చు. అది రక్తం కాదు, మందూ ఇనుమూ కలిసిన రంగు. చెప్పేవాళ్ళు లేక అర్ధరాత్రి ఆస్పత్రికి పరిగెత్తే తల్లిదండ్రుల కంగారు తలుచుకుంటే, ఈ ఒక్క ముక్క సీసా మీద పెద్దక్షరాలతో ఉండాలనిపిస్తుంది.

సూదిమందుల్లో సెఫ్ట్రియాక్సోన్ మాట ఒకటి. అది కాల్షియంతో కలిస్తే స్ఫటికాలుగా గడ్డకడుతుంది. రింగర్ లాక్టేట్ సెలైన్‌లో కాల్షియం ఉంటుంది, కాబట్టి రెండూ ఒకే గొట్టంలో కలవకూడదు. నెల లోపు పసికందుల్లో ఇలా ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో గడ్డకట్టి మరణాలు సంభవించాయి. ఆ తరవాత 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక చేసింది. నర్సమ్మలకు ఇది బాగా తెలుసు. మందు ఎక్కించే ముందు గొట్టాన్ని ఉప్పునీటితో కడిగేది ఇలాంటి వాటి కోసమే, అది చూసి ఆలస్యం చేస్తోందని విసుక్కోకండి.

క్రిములు కూడా లోహాలతో తక్కువ తినలేదు. కొన్ని జింకు అయాన్లను ఆయుధంగా పెట్టుకుని పెన్సిలిన్ జాతి మందులను కోసేసే ఎంజైములు తయారుచేసుకున్నాయి. ఢిల్లీ పేరు అంటగట్టారని మన దేశంలో గొడవైన ఎన్‌డీఎమ్–1 అలాంటిదే. శాస్త్రవేత్తలు ఇలాంటి వాటికి విరుగుడుగా క్రిమికి ఇనుము మీదున్న ఆకలిని వాడుకున్నారు. సెఫిడెరోకాల్ అనే మందు ఇనుమును పట్టుకుని వెళ్తుంది. ఇనుము దొరికిందని క్రిమి తానే తలుపు తీసి లోపలికి తీసుకుంటుంది. 2019లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది.

చివరగా ఒక ఇంటి లెక్క వేసుకుందాం. పెద్దావిడ ఉంది, ఎముకలకు కాల్షియం బిళ్ళ వేసుకుంటుంది, రాత్రి గ్యాస్ మందు తాగే అలవాటు. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి సిప్రోఫ్లాక్సాసిన్ రెండు పూటలా రాశారు. దీనికి ఒప్పుకున్న పద్ధతి ఏమిటంటే, లోహాలున్న మందుకు రెండు గంటల ముందైనా, ఆరు గంటల తరవాతైనా ఈ బిళ్ళ వేసుకోవాలి. పొద్దున ఆరున్నరకు లేవగానే నిండుగ్లాసు మంచినీళ్ళతో బిళ్ళ ఇవ్వండి. ఎనిమిదిన్నరకు టిఫినూ, కాఫీ. కాఫీ కాస్త తగ్గిస్తే మంచిది, ఈ మందు కెఫీన్‌ను ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు, గుండె దడదడలాడుతుంది. కాల్షియం పన్నెండున్నరలోపు, అన్నంతో పాటు వేసేయండి. సాయంత్రం ఆరున్నరకు రెండో బిళ్ళ, మళ్ళీ నీళ్ళతోనే. ఎనిమిదిన్నరకు పెరుగన్నం హాయిగా తిననివ్వండి. గ్యాస్ మందు కావాలంటే తొమ్మిదిన్నరకు తాగొచ్చు. మర్నాటి పొద్దుటి బిళ్ళకు ఇంకా తొమ్మిది గంటల వ్యవధి ఉంది.